ఆ సీటు ఎవరికి చెందాలి?

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. పెద్దాయన గుంటూరు జిల్లాలోని ఒక పట్టణంలో బట్టల దుకాణం నడుపుతారు. చిన్నాయన ఇరవై ఏళ్ళ క్రితం కంప్యూటర్ ఉద్యోగం మీద అమెరికా వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. కొన్నేళ్ళ క్రితం పెద్దాయన కూతురికి బి.సి. 'ఇ' గ్రూపు కింద మెడికల్ సీటు వచ్చింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ అల్లాహ్‌కు కృతజ్ఞతగా నఫిల్ నమాజు చేశారు. తరువాత చిన్నాయన కుమారుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. అది 2022వ సంవత్సరం. కుర్రవాడికి మార్కుల్లో లోటు లేదు, నడవడికలో వంక లేదు. అయినా సీటు రాలేదు.

"నల్లవాళ్ళకు ఇవ్వడం కోసం మా పిల్లవాడి నోటి దగ్గర ముద్ద లాక్కున్నారు భాయిజాన్" అని చిన్నాయన ఫోనులో బాధపడ్డారు. పెద్దాయన విన్నారు, బదులు చెప్పలేదు. తరువాత మాతో ఇలా అన్నారు: "నా తమ్ముడు అన్న మాటే, మా అమ్మాయికి సీటు వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి నా మొహం మీదే అన్నాడు. ఆ రోజు అది అన్యాయమైన మాట అనుకున్నాను. ఈ రోజు నా తమ్ముడు అంటే న్యాయమైన మాట ఎలా అవుతుంది?"

ఆ ప్రశ్నకు మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయాము. న్యాయం గురించి ప్రసంగించడం సులభమే. మనవాళ్ళు అటూ ఇటూ రెండువైపులా నిలబడి ఉన్నప్పుడు తూకం పట్టుకోవడమే కష్టం. అన్నిసా సూరాలోని 135వ ఆయతు న్యాయం విషయంలో తల్లిదండ్రులకుగాని, బంధువులకుగాని, చివరికి మనకు మనం గాని మినహాయింపు ఇచ్చుకోవడానికి వీల్లేదని చెబుతోంది. కనుక ఈ వ్యవహారాన్ని మొదటినుంచి చూద్దాం.

అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలలో మన ప్రవేశపరీక్షల లాంటి ర్యాంకుల పద్ధతి లేదు. మార్కులు, వ్యాసాలు, ఉపాధ్యాయుల సిఫారసులు, ఆటపాటలు అన్నీ కలిపి చూసి ఒక కమిటీ నిర్ణయిస్తుంది. 1978లో బాకీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒక వైద్య కళాశాల 100 సీట్లలో 16 సీట్లను మైనారిటీలకు విడిగా కేటాయించడాన్ని కొట్టివేసింది. అయితే జాతిని అనేక అంశాలలో ఒకటిగా పరిగణించవచ్చునన్నది. అంటే మన దేశంలో ఉన్నట్లు నిర్ణీత కోటా అక్కడ 1978 నుంచీ లేదు. 2014లో ఒక సంస్థ, ఆసియా సంతతి విద్యార్థులకు హార్వర్డ్‌లో అన్యాయం జరుగుతోందంటూ దావా వేసింది. 2019లో కింది కోర్టు, 2020లో అప్పీలు కోర్టు హార్వర్డ్ పక్షాన తీర్పు చెప్పాయి. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు వాటిని తిరగదోడి, ప్రవేశాలలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పు ఇచ్చింది.

చిన్నాయన ఫిర్యాదును "బతికి చెడ్డారా ఏమిటి, డబ్బున్నవాళ్ళే కదా" అని తోసిపుచ్చడం తగదు. డబ్బున్నవాడికి జరిగినా అన్యాయం అన్యాయమే. ఆ కేసులో బయటపడిన ఒక విషయం నిజంగా మనసును కలచివేస్తుంది. హార్వర్డ్ అధికారులు ప్రతి విద్యార్థికీ 'వ్యక్తిత్వం' కింద ఒక మార్కు వేసేవారు. మంచితనం, ధైర్యం, నలుగురినీ కలుపుకుపోయే గుణం వంటివి అందులోకి వస్తాయి. చదువులో ముందున్న ఆసియా సంతతి పిల్లలకు ఈ మార్కు సగటున తక్కువ పడింది. ఈ తేడా ఉన్నదని కింది కోర్టు న్యాయమూర్తి కూడా ఒప్పుకున్నారు. ఉద్దేశపూర్వక వివక్ష రుజువు కాలేదని మాత్రమే అన్నారు. ఆ అధికారులు చాలామంది పిల్లలను కళ్ళతో చూసినవారు కూడా కారు, కాగితాలే చూశారు. మనిషి హృదయం లోతు ఎంతో అల్లాహ్‌కే తెలుసునని నమ్మే మనకు, కాగితం చూసి ఒక పిల్లవాడి మంచితనానికి మార్కులు వేయడం వింతగానే తోస్తుంది. ఆ మార్కులు ఒక జాతి పిల్లలకు వరుసగా తగ్గుతూ పోతే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

పైగా ఈ 'వ్యక్తిత్వం' అనే జల్లెడకు ఒక చరిత్ర ఉంది. 1920లలో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు అయిదోవంతు దాటారు. అప్పటి అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కు ఇది నచ్చలేదు. 1922లో వారికి 15 శాతం పరిమితి పెట్టాలని చూశాడు. అధ్యాపకులు బహిరంగమైన కోటాను అంగీకరించలేదు. 1926 వచ్చేసరికి వేరే దారి దొరికింది. మార్కులతో పాటు 'నడవడిక, యోగ్యత' చూస్తామన్నారు, దరఖాస్తుతో ఫోటో జతచేయమన్నారు. యూదుల సంఖ్య తగ్గిపోయింది. కోటా అనే మాట లేకుండానే కోటా పని జరిగిపోయింది. ఇక్కడ అన్యాయం జరిగింది యూదులకు. పాలస్తీనాలో జరుగుతున్న దానిపై మన గుండెల్లో ఎంత మంట ఉన్నా దీన్ని అన్యాయమనే అనాలి. ఒక జనం మీద ఉన్న కోపం మనల్ని న్యాయం నుంచి తప్పించరాదని అల్ మాయిదా సూరా 8వ ఆయతు హెచ్చరించింది కదా!

ఇంతవరకు చిన్నాయన మాటలో సత్యం ఉంది. అయితే ముద్ద లాక్కున్నది ఎవరు అన్న దగ్గరే ఆయన పొరబడ్డారని మా అభిప్రాయం.

అదే కేసులో మరొక లెక్క బయటికి వచ్చింది. హార్వర్డ్‌లో నాలుగు రకాల పిల్లలకు ప్రత్యేకమైన మొగ్గు ఉండేది. క్రీడాకారులు, పూర్వవిద్యార్థుల సంతానం, విరాళాలిచ్చే పెద్దలకు సంబంధించి డీన్ దగ్గర ఉండే జాబితాలోని పిల్లలు, అక్కడి ఉద్యోగుల పిల్లలు. వాది పక్షాన నిలిచిన ఆర్థికవేత్త పీటర్ ఆర్సిడియాకోనో, ఆయన సహచరులు ఆ పత్రాలను పరిశీలించి ఒక విషయం తేల్చారు. సీటు పొందిన తెల్లజాతి విద్యార్థులలో 43 శాతానికి పైగా ఈ నాలుగు వర్గాలలోని వారే! నల్లజాతి, ఆసియా, హిస్పానిక్ విద్యార్థులలో ఈ వర్గాల వారు 16 శాతం లోపే. ఆ తెల్ల పిల్లల్లో సుమారు ముప్పాతిక మందికి ఈ మొగ్గు లేకపోతే సీటు వచ్చేది కాదని కూడా వారు అంచనా వేశారు. మరి చిన్నాయన కోపం ఆ దొడ్డిదారి మీదికి ఎందుకు పోలేదు? 2023 తీర్పు కూడా దాన్ని తాకలేదు. దావాలో అడిగింది జాతి గురించి మాత్రమే.

తండ్రి చదివాడు కనుక కొడుక్కి సీటు అనే వాదం వినగానే మాకు హజ్రత్ ఉమర్ (రజి) గుర్తుకొస్తారు. ఆయన పాలనలో తొలి ముహాజిర్లకు తలా 4,000 చొప్పున భృతి నిర్ణయించారు. తన కుమారుడు అబ్దుల్లాహ్‌కు మాత్రం 3,500 ఇచ్చారు. ఆయన కూడా ముహాజిరే కదా, ఎందుకు తగ్గించారని అడిగితే, అతన్ని తల్లిదండ్రులు వెంటబెట్టుకొని వచ్చారు, తనంతట తాను హిజ్రత్ చేసినవాడితో అతను సమానం కాడు అన్న భావంలో జవాబిచ్చారు. ఈ ఉదంతం బుఖారీ గ్రంథంలో ఉంది. తండ్రి భుజాలపై దాటిన దూరాన్ని కొడుకు ఖాతాలో జమ చేయడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ తండ్రి స్వయంగా ఖలీఫా అని మరచిపోకూడదు.

ధనవంతుల విరాళాలతోనే పేద విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇస్తున్నామని విశ్వవిద్యాలయాలు అంటాయి. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఖురైషు సర్దారులు విశ్వసిస్తే ధర్మానికి బలం చేకూరుతుందన్న సదుద్దేశంతోనే మహాప్రవక్త (స) వారితో మాట్లాడుతూ ఉన్నప్పుడు, అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చిన సందర్భంలో అబస సూరా అవతరించిన సంగతి మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. వెతుక్కుంటూ వచ్చినవాడు ముందు, హోదా ఉన్నవాడు కాదు. ఇప్పుడిప్పుడే కొందరికి ఇది అర్థమవుతోంది. జాన్స్ హాప్కిన్స్, ఆమ్‌హర్స్ట్ వంటి సంస్థలు పూర్వవిద్యార్థుల పిల్లలకు ఇచ్చే మొగ్గును మానుకున్నాయి. 2024లో కాలిఫోర్నియా రాష్ట్రం ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో కూడా దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

ఇక నల్లజాతి పిల్లల సంగతి. హార్వర్డ్ 1636లో మొదలైంది. దాని అధ్యక్షులు, అధ్యాపకులు, ఉద్యోగులు 70 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నారని ఆ విశ్వవిద్యాలయమే 2022లో తన నివేదికలో ఒప్పుకొని, పరిహార కార్యక్రమాలకు 10 కోట్ల డాలర్లు ప్రకటించింది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఏళ్ళ తరబడి సంకెళ్ళలో ఉన్నవాణ్ణి విడిపించి పరుగుపందెం గీత దగ్గర నిలబెట్టి ఇక నీవూ అందరితో సమానమే అంటే న్యాయం జరిగినట్లు కాదని ఒక సభలో చెప్పాడు. ఆ ఏడే అమెరికా తన వలస చట్టాన్ని మార్చింది. అంతకుముందు ఆసియావాసులకు ఆ దేశం తలుపులు దాదాపు మూసే ఉండేవి. జాతి వివక్షకు వ్యతిరేకంగా నల్లజాతివారు చేసిన ఉద్యమం వేడిలోనే ఆ తలుపు కూడా తెరుచుకుంది. మన తెలుగువారు వేలాదిగా లోపలికి నడిచింది ఆ తలుపు గుండానే. చిన్నాయనకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

తెల్లవాడికి నల్లవాడిపై ఆధిక్యత లేదన్న ప్రవక్త (స) అంతిమ హజ్ సందేశాన్ని మనం ప్రతి మీలాదు సభలోనూ వినిపిస్తాం. ఇంటికి వచ్చి కొడుక్కి సంబంధం చూసేటప్పుడు మొదటి ప్రశ్న మాత్రం "పిల్ల తెల్లగా ఉంటుందా?" అనే. "నల్లవాళ్ళకు ఇవ్వడం కోసం" అన్న మాటలో ఈ పాత జబ్బు కూడా కొంత కలిసి ఉందేమోనని మా అనుమానం.

పాత పద్ధతిలోనూ లోపం ఉంది. దాన్ని దాచిపెట్టవలసిన అవసరం లేదు. జాతిని మాత్రమే చూస్తే, ధనవంతుడైన నల్లజాతి డాక్టరు కొడుకూ, మురికివాడలో పెరిగిన పిల్లవాడూ ఒకే గాటన పడతారు. ఆ మేలు ఎక్కువగా పైవర్గానికే పోతున్నదన్న విమర్శ నల్లజాతి మేధావుల నుంచే వచ్చింది. అలాగని మొత్తం తీసేస్తే ఏమయిందో కూడా చూడాలి. తీర్పు తరువాతి ప్రవేశాలలో, అంటే 2024లో, హార్వర్డ్ కొత్త విద్యార్థులలో నల్లజాతివారు 18 శాతం నుంచి 14కు తగ్గారు. 2025లో 11.5కు వచ్చారు. ఎం.ఐ.టి.లో అంతకుముందు సుమారు 13 శాతం ఉండగా 2024లో 5 శాతమే మిగిలారు.

మన రాష్ట్రం అనుభవం ఇక్కడ కొంత ఉపయోగపడుతుంది. 2004లో, 2005లో ముస్లింలందరికీ కలిపి ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు నిలువనివ్వలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా, వెనుకబడినవిగా గుర్తించిన ముస్లిం వర్గాలకు 4 శాతం ఇస్తూ చట్టం వచ్చింది. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టివేసినా, ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చింది. ఆ జాబితాలో సయ్యదులు, పఠాన్లు, మొగలులు లేరు. ధోబీలు, ఫకీర్లు, అత్తరు సాయిబులు, షేకులు ఉన్నారు. సిద్దీలు, హబ్షీలు కూడా ఉన్నారు. వీరు ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేరు నిజాం గారి ఆఫ్రికన్ అశ్వదళం మీద వచ్చిందే. మనం జుమాలో భుజం కలిపి నిలబడే వారిలో వీరూ ఉన్నారు. అంటే మతం పేరు చూసి కాదు, కుటుంబం ఎంత కింద నుంచి నడిచి వస్తున్నదో చూసి ఇచ్చారన్నమాట. సంపన్న శ్రేణిని తప్పించారు కూడా. సయ్యద్ కుటుంబాలలోని పేదలకు ఇది కష్టంగానే ఉంటుంది. వారి ఉత్తరాలు మాకు వస్తూనే ఉంటాయి. వారి బాధ కూడా అబద్ధం కాదు.

అందుచేత పెద్దాయనకు మేము చెప్పింది ఇది. పేరున్న విశ్వవిద్యాలయంలో సీటు గత పరీక్షకు ఇచ్చే బహుమానం మాత్రమే కాదు, అది సమాజం చేతిలో పెట్టే అమానతు. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో నిర్ణయించేవారు పిల్లవాడు తనంతట తాను నడిచిన దూరాన్ని చూడాలి. అతని చర్మం రంగు వల్ల దారిలో ముళ్ళు పడి ఉంటే వాటిని కూడా ఆ దూరంలో కలపాలి. విద్యార్థి తన జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో వ్యాసంలో రాసుకుంటే దాన్ని చూడవచ్చునని 2023 తీర్పు కూడా ఒప్పుకుంది. తండ్రి వేసిన రోడ్డును లెక్కలోకి తీసుకోకూడదు. పిల్లల మనసులకు జాతుల వారీగా మార్కులు వేయకూడదు. ఈ కొలతతో చూస్తే మీ అమ్మాయి సీటు న్యాయమైనదే. మీ తమ్ముడి కుమారుడికి వ్యక్తిత్వం మార్కు తగ్గించి ఉంటే అది అన్యాయమే. అయితే ఆ అన్యాయం చేసింది నల్లజాతి పిల్లవాడు కాదు. ఆ ఏడు హార్వర్డ్‌కు 61 వేలకు పైగా దరఖాస్తులు వస్తే రెండు వేలమందికి లోపే సీటు దొరికింది. ఏ అన్యాయమూ జరగకపోయినా రానివారే ఎక్కువ.

పెద్దాయన కాసేపు ఆలోచించి, "ఈ మాట నేను చెబితే తమ్ముడు నొచ్చుకుంటాడు. మీ కూతురికి వచ్చింది కాబట్టి అలా అంటున్నారు అంటాడు" అన్నారు. అదీ నిజమే. మీ అమ్మాయికి సీటు రాకపోయి ఉంటే కూడా మీరు ఇదే మాట అనేవారా అని మేము అడిగాము. ఆయన నవ్వి, "ఆ రోజు నేను ఏమనేవాణ్ణో అల్లాహ్‌కే తెలుసు" అన్నారు.

చిన్నాయన కుమారుడు ఇప్పుడు అక్కడి ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. పోయిన రంజాన్‌లో అతను పెద్దనాన్నకు ఫోను చేసి, తన గదిలో ఉండే కుర్రవాడు నల్లజాతి ముస్లిమని, ఇద్దరూ కలిసి సహరీ చేస్తున్నారని చెప్పాడట. ఆ కుర్రవాడి తల్లి బస్సు నడుపుతుందట. ఈ సంగతి వాళ్ళ నాన్నకు ఇంకా చెప్పినట్లు లేదు.