ఏకవచనం

నా మారుతి 800 2008 నాటిది. 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళు పొడిగించుకున్నాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోందే గానీ వేగం పెరగడం లేదని మెకానిక్‌కి చెప్పాను. క్లచ్ ప్లేటు అరిగితే జరిగేది అదే. "మీకు తెలీదు మేడమ్, సార్‌ని పంపించండి" అన్నాడు. స్కూటరు తప్ప నడపని మా తమ్ముడు వెళ్ళి నా మాటే అప్పజెప్పాడు. "కరెక్టు సార్, క్లచ్చే!"

వినేవాళ్ళ దురభిప్రాయం వల్ల మాట విలువ పడిపోవడం కూడా అన్యాయమేనని మిరాండా ఫ్రికర్ 2007లో పుస్తకమే రాసింది. క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో!

అక్కడితో ఆగితే నాకు హాయిగా ఉండేది. బిల్లులో ఇంజన్ మౌంటింగులూ చేరాయి. మొత్తం 14 వేలు. "తీసేసిన పార్టులు చూపించు" అన్నాను, ఏకవచనంలో. చిరిగిన రబ్బరు ముక్కను కవర్లో పెట్టి ఇచ్చాడు. "నన్ను దొంగనుకుంటున్నారా మేడమ్?"

అది నా కారుదో కాదో నాకెలా తెలుస్తుంది? అమ్మ గుండెకు స్టెంటు వేసినప్పుడు లక్షల బిల్లు కట్టి, ఒక్క ప్రశ్న అడగకుండా డాక్టరుగారికి దణ్ణం పెట్టి వచ్చాను. అనుమానం బిల్లు మీదా, గ్రీజు చేతుల మీదా? అతను నిజంగానే మోసం చేసి ఉండొచ్చు. అయినా నేను అనుమానించింది అందుకేనని చెప్పలేను. నా మాటను అతను తూచిన తక్కెడలోనే అతని మాటను నేనూ తూచాను.

డబ్బు కట్టేశాను. రబ్బరు ముక్క ఇంకా డిక్కీలోనే ఉంది. వచ్చే నెల బ్రేకులు చూపించాలి. తమ్ముణ్ణి పిలవను. అతన్ని "మీరు" అనగలనో లేదో.