పూడిక ఎవరు తీయాలి?

మూడేళ్ల కిందట మా బడిలో ఒక పిల్ల ఫోన్ మెమరీ కార్డు తెచ్చింది. చనిపోయిన వాళ్ల అవ్వ పాడిన ఢావ్లో అందులో ఉంది. తండా విడిచి అత్తింటికి పోయే పెళ్లికూతురు ఏడుస్తూ పాడే పాట అది. పెద్ద మనవరాలికి నేర్పుతూ అవ్వ పాడుతుంటే 2011లో ఎవరో చిన్న బటన్ల ఫోన్‌తో పట్టారు. అప్పటి ఫోన్లు చాలావరకు గొంతును ఏఎంఆర్ అనే పద్ధతిలో దాచేవి. టౌన్‌లో సెల్ షాపాయన ఫైలు చెడిపోయిందన్నాడు. మా బడి పాత కంప్యూటర్‌లో డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. అందులో వీఎల్‌సీ తెరిచి నొక్కితే అవ్వ గొంతు పలికింది. పిల్ల ఏడ్చింది. పక్కనున్న పిల్లోడు అడిగాడు: "ఇది చేసినోళ్లకు జీతం ఎవరిస్తారు సార్?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను.

వీఎల్‌సీ 1996లో ఫ్రాన్స్‌లో కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన పని. ఆడియో, వీడియో ఫైళ్లను విప్పే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను 2000లో ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టాడు. రాసినవాళ్లు రాశారు. అంతటితో పని అయిపోదు. డెబియన్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ ప్రోగ్రాములను దానికి తగ్గట్టు మళ్లీ కూర్చాలి, పరీక్షించాలి. దొంగ ఫైలు ఒకటి పాటలా వచ్చి కంప్యూటర్‌లోకి చొరబడే సందు కనబడితే వెంటనే మూయాలి. దీన్నే ప్యాకేజీ నిర్వహణ అంటారు. డెబియన్‌లో పాటలు, వీడియోల ప్యాకేజీలను చూసుకోవడానికి ఒక బృందమే ఉంది. వాళ్లు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు. డెబియన్ వాళ్లకు జీతం ఇవ్వదు. చూసేవాడు తప్పుకుంటే ఆ ప్యాకేజీని 'అనాథ' అని ప్రకటిస్తారు. ఎవరైనా దత్తత తీసుకోవచ్చు. ఎవరూ రాకపోతే కొన్నాళ్లకు తీసేయవచ్చు కూడా.

ఇది మన సీమవాళ్లకు అర్థం కాని సంగతి కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో బుక్కరాయసముద్రం, ధర్మవరం, బుక్కపట్నం చెరువులు కట్టినవాళ్ల పేర్లు చెప్పుకుంటాం. ఏటా పూడిక తీసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. అయినా ఊరు ఒక కట్టుబాటు పెట్టుకుంది. తూము తెరిచి మూసే నీరుగంటికి కళ్లం దగ్గర మేర కొలిచేవాళ్లు. నీళ్లు అందరివి కాబట్టి నీళ్లు చూసేవాడి కడుపు కూడా అందరి బాధ్యత.

ఆ కాలాన్ని నేను పొగడటం లేదు. ఆ చెరువుల కింద మన తండాల్లో ఎందరికి మడి ఉంది? మట్టి మోయడానికి మనం, మడి పండించుకోవడానికి వేరేవాళ్లు. అందుకే ఈ కొత్త చెరువును జాగ్రత్తగా చూడమంటున్నాను. దీని తూము దగ్గర కులం అడగరు. అయితే మేర కొలిచే కట్టుబాటు కూడా ఇంకా సరిగా ఏర్పడలేదు.

మేర కొలవకపోతే ఏమవుతుందో 2024 మార్చిలో లోకం చూసింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనాన్ని లాస్సె కొలిన్ ఏళ్ల తరబడి చూసుకున్నాడు. మానసికంగా బాగాలేదు, ఇది జీతం లేని పని అని చెప్పుకున్నా, ఆలస్యమవుతోందని కొందరు ఆయన్ను ఒత్తిడి చేశారు. సాయం చేస్తానని వచ్చిన ఒకరిని నమ్మి బాధ్యత పంచాడు. ఆ వచ్చినవాడే దొంగదారి పెట్టాడు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని పట్టుకున్నాడు. దొంగ తప్పు దొంగదే. కానీ అలసినవాణ్ణి ఒంటరిగా వదిలేసి, పైగా దబాయించినవాళ్లకు ఏ తప్పూ లేదా?

"బెంగళూరుకు కూలికి పోయే మన పిల్లలు ఊరికే పని ఎందుకు చేయాలి సార్?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఖాళీ సమయం, ఇంగ్లీషు ఉన్నవాళ్లకే ఈ పని సులువు. పస్తున్నవాడి దగ్గర మేర అడగడం అన్యాయం. నాలాగా నెల జీతం తీసుకునేవాడు, ఈ ప్రోగ్రాములను వాడుకునే ఆఫీసులు, కంపెనీలు ముందు ఇవ్వాలి.

కానీ డబ్బొక్కటే మేర కాదు. ప్రోగ్రాము పనిచేయకపోతే తిట్టకుండా ఏ వెర్షన్, ఏ ఫైలు, ఏం నొక్కితే ఏం జరిగిందో వివరంగా రాసి పంపడం కూడా పూడిక తీయడమే. ఇంగ్లీషు రాని పిల్లలకు టీచర్లు రాసిపెట్టవచ్చు. మెనూలను తెలుగులోకి, గోర్ బోలిలోకి, ఎరుకల భాషలోకి మార్చవచ్చు. పోతన, వేమన ఫాంట్లను కెనడాలో ఉన్న తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి అందరికీ వదిలారు. డెబియన్‌లో అవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఆయన మనల్ని ఏమీ అడగలేదు.

మన పాటలు లాభం తెచ్చే సరుకు కావు. ఏ కంపెనీ అయినా పాత ఫోన్ పద్ధతిని రేపు వదిలేయవచ్చు, అవ్వ గొంతు కోసం ఆగదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో అలా కాదు. ఎవరూ చూడకపోతే మనమే చూసుకునే హక్కు ఉంది. హక్కు ఉన్నచోట కొంత పని కూడా ఉంటుంది.

ఆ పిల్లోడికి ఇప్పుడు నా జవాబు ఇది: చాలామందికి ఎవరూ ఇవ్వరు నాయనా. అందుకే మన వంతు ఎంతో మనమే కొలుచుకోవాలి. ఈ ఏడాది మా బడిలో ఇద్దరు పిల్లలు వీఎల్‌సీలో తాము చూసిన ఒక లోపాన్ని రాశారు. నేను ఇంగ్లీషులోకి మార్చి పంపాను. చేసింది చిన్న పనే, ఒక తట్ట మట్టి ఎత్తినట్టు. మీ బడి నుంచి ఒక తట్ట ఎత్తుతారా?