ప్రమాదమను మాట

వాడుకలో ప్రమాదమనగా అనుకోకుండ వచ్చిపడిన ఆపద. శాస్త్రములలో మాత్రము ఆ మాటకు ఏమరుపాటు అని అర్థము. మొదటిది మన చేతిలో లేనిది. రెండవది పూర్తిగా మన చేతిలోనిదే. ఇంత దూరపు అర్థములు ఒకే మాటలో ఎట్లు ఇమిడినవో గాని, 2021 ఫిబ్రవరి 23న అమెరికాలో జరిగిన ఒక సంఘటనను తలచినప్పుడెల్ల నాకు ఈ మాటయే గుర్తుకు వచ్చును.

నాడు ఉదయము ఏడు గంటలు దాటిన వెంటనే, లాస్ ఏంజెలెస్ సమీపమున, హాథార్న్ బులెవార్డ్ అను దారిలో పల్లమునకు దిగుచున్న కారొకటి అదుపు తప్పినది. నడుపుచున్నవాడు సుప్రసిద్ధ గోల్ఫ్ క్రీడాకారుడు టైగర్ వుడ్స్. కారు నడిమి దిమ్మెను దాటి, ఎదురు బాటను కూడ దాటి, చెట్టును కొట్టుకొని బోల్తాపడినది. ఆయన కుడికాలి ఎముకలు విరిగినవి. మరొక మనిషికి గాని వాహనమునకు గాని దెబ్బ తగులలేదు.

సాయంకాలమునకే లోకము తీర్పు చెప్పివేసినది. మత్తులో ఉన్నాడని కొందరు, నిద్రపోయినాడని కొందరు. 2017లో ఆయన ఫ్లోరిడాలో కారులో నిద్రించుచు పట్టుబడి, నిర్లక్ష్యముగా నడిపిన నేరమును ఒప్పుకొన్న మాట నిజమే. అయితే తీరిపోయిన పాత బాకీని కొత్త సంవత్సరపు చిట్టాలో మరల వ్రాయు గుమాస్తాను మనము కొలువులో ఉంచుకొందుమా? ఇక అభిమానులకు తప్పు దారిది, వంపుది, కారుది. ఆయనది మాత్రము కాదు.

ఏప్రిల్ 7న అక్కడి షెరీఫు లెక్క బయటపెట్టినాడు. గంటకు 45 మైళ్లు మించరాని చోట కారు 84 నుండి 87 మైళ్ల వేగమున పోయినది. చెట్టును తాకునప్పటికి 75. బ్రేకు వేసిన జాడ లేదు. కంగారులో బ్రేకనుకొని యాక్సిలరేటరు తొక్కియుండవచ్చునని ఆయన ఊహ. మత్తు లక్షణములు కనబడలేదని రక్తపరీక్షకు ఉత్తరువు కోరలేదు, కేసు పెట్టలేదు. సామాన్యునికి ఇంత మర్యాద దక్కునా అని అడిగినవారున్నారు. అడుగదగిన ప్రశ్నయే. కాని దానికి జవాబు చెప్పవలసినది షెరీఫు, వుడ్స్ కాదు.

“తన కాలు తాను విరుగగొట్టుకొన్నాడు, ఇతరులకేమి నష్టము?” అనువారితో మాత్రము నేను ఏకీభవింపలేను. ఆ క్షణమున ఎదురు బాటలో ఎవరును రాకపోవుట ఆయన జాగ్రత్త వలన కలిగినది కాదు. ప్రాణి చావకున్నను ఏమరుపాటే హింస అని మన పెద్దలు చెప్పినది ఇటువంటి చోటనే అర్థమగును. చూచి అడుగు వేయుట ఈర్యా సమితి. చూచి మాటాడుట భాషా సమితి. ఆనాడు నోరు జారినవారు ఆ కారు కంటె వేగముగనే పోయినారు.

నేనును ఆ గుంపులోనివాడనే. కొన్నేండ్ల క్రిందట మా కొట్టుకు సరుకు తెచ్చుచున్న లారీ తెల్లవారుజామున ఒక మలుపులో బోల్తాపడినది. కబురు వినగానే “తాగియుంటాడు” అన్నాను, గుమాస్తాలందరి ఎదుట. ఆ డ్రైవరుకు తాగుడు అలవాటే లేదని, రెండు రాత్రులుగా కన్ను మూయలేదని తరువాత తెలిసినది. అంగడి తెరచు వేళకు సరుకు చేరి తీరవలెనని ఆ రాత్రి రెండుమారులు అతనికి ఫోను చేసినది నేనే. ఆసుపత్రికి పోగా, నన్ను చూచి లేవబోయి, “సరుకు ఏమైనదండీ షావుకారుగారూ?” అని అడిగినాడు. నేనన్న మాట అతని చెవిని పడినదో లేదో నేటికిని తెలిసికొనలేదు.