నీళ్లమీద గ్రద్ద, నీళ్లక్రింద పల్లము



శిష్యులు పనిచేసి అలసియున్నప్పుడు ప్రభువు వారిని పడవమీద జనము లేని చోటికి విశ్రాంతికై తీసికొనిపోయిన సంగతి మార్కు సువార్త 6వ అధ్యాయములో నున్నది. ఆ విశ్రాంతి వారికి ఎంతసేపు దక్కినదో కూడ అదే అధ్యాయము చెప్పుచున్నది. పడవ ఒడ్డు చేరకముందే అక్కడ జనము వచ్చి యుండిరి. ఈ రెండవ సంగతి మాకు ఆ దినమున జ్ఞాపకము రాలేదు.

క్రిస్మసు కూడికలు ముగిసిన పిమ్మట, జనవరి మాసములో, మేము నలుగురము అరకులోయనుండి ముంచింగిపుట్టు మీదుగా జోలాపుట్టు జలాశయమునకు పోతిమి. వలిసెపూలు అప్పటికి రాలిపోయినవి. కొండలమీద మంచు ఇంకను విడువలేదు. ఒడ్డున ఒక పెద్దవాడు తన నాటుపడవలో వల మడత పెట్టుచుండెను. రెండు గంటలసేపు నీళ్లమీద త్రిప్పుమని అడుగగా, “రండి బాబూ, ఎలాగూ వల తీయడానికి ఎల్తన్నాను” అనెను.

నడినీటికి పోయినతరువాత ఆయన తెడ్డు ఎత్తి ఒళ్లో పెట్టుకొనెను. అలలు లేవు. మాలో ఒకరు టోపీ ముఖముమీద వేసికొని పడుకొనిరి. అప్పుడు పైన ఆ పక్షి కనబడినది.

అది చేపల గ్రద్ద. కొరమీను గద్ద అనియు దీనికి పేరు గలదు. చలికాలమున ఉత్తర దేశములనుండి వచ్చి, మన చెరువులమీదను జలాశయములమీదను బ్రతికి, ఎండలు ముదరకముందే తిరిగిపోవును. దీని ఆహారము దాదాపు చేపలే. దీని పాదముల అడుగున ముండ్లవంటి గరుకు ఉండును. వెలుపలి వ్రేలు వెనుకకు తిరుగును గనుక జారుడు చేపను ముందు రెండు, వెనుక రెండు గోళ్లతో పట్టును. నీటిలో పడునప్పుడు ముక్కురంధ్రములు మూసికొనును. పట్టిన చేపను తల ముందుకుండునట్లు త్రిప్పి పట్టుకొని ఎగురును, గాలి అడ్డకుండుటకు. ఇంత సరంజామా చేప ప్రాణము తీయుటకే అమర్చబడియున్నది.

తాటిచెట్టంత ఎత్తున అది ఒకచోటనే రెక్కలాడించుచు నిలిచి, రెక్కలు ముడిచి, కాళ్లు ముందుకు చాచి రాయివలె పడెను. నీరు చిమ్మెను. వట్టి కాళ్లతో లేచెను. “పాపము, చేప బ్రతికినది” అని మేము సంతోషించితిమి. రెండవసారియు అట్లే జరిగెను. మూడవసారి అది గాలిలో నిలిచినప్పుడు మేము ఊపిరి బిగబట్టి, ఈసారియైనను దొరకవలెనని కోరుకొంటిమి. దొరికెను, అరచేతికంటె పెద్దదైన చేప ఎండలో వెండివలె తన్నుకొనెను. ఇంతలో ఎక్కడనుండియో ఒక గరుడపక్షి, తెల్లని తలయు ఇటుకరంగు రెక్కలును గలది, దాని వెంటబడి చేపను విడిపించుకొనుటకు చూచెను. అప్పుడు మాకు కోపము వచ్చెను. “దొంగ! కష్టపడినది అది, తినునది ఇదా?” అని మాలో ఒకరు లేచి కేకవేసిరి. పడవ ఊగెను. పెద్దవాడు “కూకోండి బాబూ” అని గద్దించెను.

చదువరులారా, అరగంటలో మేము ముగ్గురి పక్షమున నిలిచితిమి. మొదట చేప పక్షము, తరువాత గ్రద్ద పక్షము, చివరకు గ్రద్ద హక్కుల పక్షము. ఏ పక్షమునకును మాకు ఖర్చు లేదు.

గ్రద్దలు కొండల వెనుకకు పోయినతరువాత వాదము మొదలాయెను. చంపి తినుట చెడ్డదైనచో గ్రద్దను అట్లు చేసినది ఎవరు? ఆదికాండము 1వ అధ్యాయములో ఆకాశపక్షులకు పచ్చని చెట్లే ఆహారముగా ఇయ్యబడెను గదా, ఈ వేట అంతయు ఆదాము పాపమువలన వచ్చిన చెరుపు అని ఒకరనిరి. ఇంకొకరు యోబు గ్రంథము 39వ అధ్యాయము ఎత్తిరి. అక్కడ దేవుడు డేగ ఎగురుటను, పక్షిరాజు ఎత్తైన బండమీద గూడు కట్టుటను తన పనిగా చెప్పుకొనుచున్నాడు. గూటిలోని పిల్లలు నెత్తురుతో బ్రతుకునన్న మాటను దాచలేదు, దానికి సంజాయిషీ చెప్పలేదు. 104వ కీర్తనలో సింహపు పిల్లలు సహితము తమ ఆహారమును దేవునియొద్దనే అడుగుకొనుచున్నవి. లేవీయకాండములో తినకూడని పక్షులలో చేర్చబడిన పక్షిరాజే ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయములో దేవుని కాపుదలకు పోలికయైనది. మా మట్టుకు మేము యోబు ప్రక్కనే మొగ్గితిమి. ఆజ్ఞ ఇయ్యబడని దానిమీద నేరము మోపుట న్యాయము కాదు. గ్రద్ద ఒక చేప పట్టును, తినును, పోవును.

ఇదే నదిమీద పైన, హుకుంపేట ప్రాంతములో, మత్స్యగుండమను మడుగున్నది. అక్కడివారు ఆ చేపలను పట్టరు, మేత వేయుదురు. వారి నమ్మకముతో మనకు ఏకీభావము లేకపోవచ్చును. ఆ చేయి ఆపుకొనుట మాత్రము మాకు నచ్చినది. ఇదియు ఆ పడవలోనే చెప్పుకొంటిమి.

పెద్దవాడు అంతవరకు మాటలాడలేదు. వల తీయుచు, “ఇక్కడే మా తాత పల్లం, బాబూ” అనెను.

ఎక్కడ అని మేము చుట్టు చూచితిమి. ఆయన తెడ్డుతో క్రిందికి చూపెను.

ఈ నది మాడుగుల కొండలలో పుట్టి, ఆంధ్ర ఒడిశా సరిహద్దుగా మాచ్‌ఖండ్ అను పేరుతో ప్రవహించి, క్రిందికి పోయి సీలేరు అగుచున్నది. దీనికి జోలాపుట్టువద్ద ఆనకట్ట కట్టి, డుడుమ మీదుగా నీటిని మళ్లించి, ఆరు యంత్రములతో 120 మెగావాట్ల విద్యుత్తు తీయుచున్నారు. మొదటి యంత్రము 1955లో తిరిగెను. ఈ పథకమువలన సుమారు 3,000 కుటుంబములు ఇండ్లను భూములను విడిచిపోవలసివచ్చెను. వారిలో సగముకంటె ఎక్కువ గిరిజనులు. పునరావాసము దొరికినది ఇంచుమించు 600 కుటుంబములకే. కొండవాలున పోడు కొట్టుకొన్నవాడు ఇంకొక వాలు చూచుకొనగలడేమో. తరతరములుగా గట్లు వేసి, వాగునీరు మళ్లించి చేసికొన్న పల్లపు పొలమును మరల ఎక్కడ చేసికొనును? విద్యుత్తు వద్దని మేము చెప్పుట లేదు. మా మందిరములోని దీపమును తీగెమీదనే వెలుగుచున్నది. ఈ లెక్కలు మాకు ముందే తెలియును. గిరిజనులను గూర్చిన ప్రసంగములో ఒకసారి చదివియున్నాము కూడ. అయినను ఆ ఉదయమంతయు ఆ నీటిని నీరుగానే చూచితిమి.

దావీదు రాజు బీదవాని గొఱ్ఱెపిల్లను గూర్చి వినినప్పుడు ఎంత మండిపడెనో రెండవ సమూయేలు 12వ అధ్యాయములో నున్నది. ఆ కోపము దొంగకోపము కాదు. నిజముగానే వచ్చినది. నాతాను వ్రేలు చూపువరకు అది ఎవరిమీద పడవలెనో రాజునకు తోచలేదు, అంతే. గరుడపక్షిని దొంగ యని కేకవేసిన మా సహోదరుడు ఒడ్డు చేరువరకు ఒక్క మాటయు పలుకలేదు.

పొలము పోయినందుకు మీ వారికి ఏమైనను ఇచ్చిరా అని అడిగితిమి. “ఇచ్చారని అంటారు. తాత చూడలేదు” అని, వలలో చిక్కిన చిన్న చేపలను ఏరి మరల నీటిలో వేసెను. ఎందుకని అడుగగా, “అవి పెరగాల గదా” అనెను.

ఒడ్డున దిగి ఆయన బుట్టలోని చేపలు మేమే కొంటిమి. ఆయన మూడు వందలు అడిగెను. అలవాటు చొప్పున రెండు వందల యేబదికి బేరమాడితిమి. ఆయన ఒప్పుకొనెను. ఆ రాత్రి అరకులో దీపము క్రింద కూర్చుండి, ముండ్లు ఏరుకొని తినుచు, ఆ పల్లము ఎన్ని మళ్లో అడుగలేదే అని మాలో ఒకరనిరి.