నవ్వించువాడు కథాభారమును ఒంటరిగా మోయగలడా?

జనులను నవ్వించుటయందు పేరుపొందిన నటుడొకడు తానే కథానాయకుడై చలనచిత్రమునంతను మోయగలడా యను ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. ఇప్పుడు స్టాండప్ కామెడీ యను పేర, ఒక్కడే వేదికపై నిలిచి, మైకు చేతబట్టి, గంటసేపు సభను నవ్వించు పద్ధతి పట్టణములందు వ్యాపించుటచే ఆ ప్రశ్న మరల వినవచ్చుచున్నది. గంటసేపు సభను తనవైపు త్రిప్పుకొన్నవాడు రెండున్నర గంటలు ఏల త్రిప్పుకొనలేడని యువకులు అడుగుదురు. ఇది టిక్కెట్ల లెక్క చూచి చెప్పవలసిన మాటయని వర్తకులందురు. మాకు మాత్రమిది లెక్కలతో తేలునది కాదనియు, దీనియందొక ధర్మసందేహము దాగియున్నదనియు తోచుచున్నది. మనమెవనిని చూచి నవ్వితిమో వాడు ఏడ్చినపుడు వాని కన్నీటిని నమ్ముటకు మనము సిద్ధముగా నున్నామా?

నిజామాబాదు, బోధను ప్రాంతముల వారికి ఒంటరి హాస్యగాడు చిరపరిచితుడు. పిట్టల దొర యని, తుపాకి రాముడని, లత్కోరు సాబని, బుడ్డరు ఖానని పలుపేళ్ల పిలువబడు ఆ కళాకారుని ఎరుగని పెద్దవారు తెలంగాణమున అరుదు. ఖాకీ దుస్తులు, తలపై దొరటోపీ, భుజముపై కట్టె తుపాకి. ఇంతియే వాని సామగ్రి. ఇంటిముందర నిలిచి తనకు లేని భూములను, తాను చేయని వేటలను, తాను జరిపింపబోవు పెండ్లిండ్ల వైభవమును ఊపిరి తిరుగకుండ వర్ణించును. ప్రతి గొప్పమాట వెనుకను దానిని కూలద్రోయు మాట యొకటి వచ్చుచుండును. నిజమైన దొరలకు వంగి దండములు పెట్టిన జనమే ఈ కట్టెతుపాకి దొరను చూచి విరగబడి నవ్వుట గమనింపదగినది. ఆ నవ్వులో కొంత పగతీర్చుకొనుట కూడ కలదు.

అయితే పిట్టల దొర ఒక వాకిట ఎంతసేపు నిలుచును? నాలుగు గింజలు జోలెలో పడగానే ప్రక్క వాకిటికి పోవును. నవ్వు చల్లారకముందే కదలుట వాని విద్యలోని మర్మము. బోధను చెరకు రైతునకు ఈ మర్మమును వేరుగ బోధింపనక్కరలేదు. గానుగనుండి అప్పుడే కారిన రసమునకు సాటివచ్చు తీపి లేదు. కాని పూట గడచిన నది పులియును. నిలువయుంచవలెనన్న దానిని కాచవలెను, మడ్డి తీయవలెను. శక్కర్‌నగరమున 1937లో స్థాపింపబడి 2015 డిసెంబరులో పని నిలిచిపోయిన నిజాం చక్కెర కర్మాగారము అన్నియేండ్లు చేసినది పెద్దయెత్తున ఈ పనియే. వేదికమీది హాస్యము గానుగ దగ్గర త్రాగు రసము వంటిది. చలనచిత్రమునకు కాచిన సరకు కావలెను.

ఒక్క నటునితో నడచు రూపకమును మన ప్రాచీనులు ఎరుగుదురు. దశరూపకములలో భాణమనునది అట్టిది. విటుడొకడు రంగముపైకి వచ్చి, వీధివెంట నడచుచు, కనబడని వారితో మాటలాడును. వారి యుత్తరములను తానే విన్నట్లు నటించి, తానే మరల పలుకును. దీనికి ఆకాశభాషితమని పేరు. చతుర్భాణి యని ప్రసిద్ధములైన నాలుగు భాణములను చదివినవారికి, ఆ యొక్కని నోట నగరమంతయు ఎట్లు కదలునో తెలియును. కాని నాటకమునకు ఐదు మొదలు పది వరకు అంకములను అనుమతించిన శాస్త్రకారులు భాణమునకు ఒక్క అంకమునే విధించిరి. ఇది లోభము చేత చేసిన నియమము కాదు. ఒంటరి గొంతునకు ఎంత ఊపిరి కలదో కొలిచి చేసినది. అమెరికాలో 1979లో రిచర్డు ప్రయరను హాస్యకారుని వేదికా ప్రదర్శనమును చిత్రముగా తీసి విడుదల చేసిరి. అందు కథ లేదు, వేరొక పాత్ర లేదు. దాని నిడివియు ఇంచుమించు గంటంబావు మాత్రమే. అందు ప్రయరు తనకు వచ్చిన గుండెపోటును తానే అభినయించును. తన గుండె ఒక పాత్రయై తనను గద్దించును, తాను నేలబడి బ్రతిమాలుకొనును. జనము నవ్వుచునే యుందురు; నవ్వుచు ఒకని మరణభయమును చూచుచుందురు. భరతఖండపు భాణమునకు ఇంతటి దగ్గరి చుట్టము అంత దూరమున దొరకుట మాకు వింతగ తోచినది.

వేదికపై హాస్యగాడు ఒంటరివాడనుటయు పైచూపు మాటయే. అచట సభలోని నవ్వే రెండవ పాత్ర. ఒక మాట విసరును, నవ్వు బదులు వచ్చును. నవ్వు తగ్గినచో త్రోవ మార్చును, హెచ్చినచో నిలిచి ఊపిరి తీసికొనును. కెమెరా యెదుట ఆ రెండవ పాత్ర మాయమగును. కెమెరా నవ్వదు. కావున చిత్రమున వానికి తోడుగా మరియొకటి కావలెను. వాని పాత్రకు ఏదో యొక నష్టము సంభవింపగలదని చూచువారు భయపడవలెను. నవ్వించువానికి సామాన్యముగా ఏ దెబ్బయు తగులదు. తన్నిన లేచును, తిట్టిన మరియొక మాట విసరును. ఆ దెబ్బ తగులని గుణమే వాని బలము, కథానాయకుడు కావలెనన్నచో అదియే వాని అడ్డంకి.

మన చిత్రములలో దీనికి మొదటి పెద్ద నిదర్శనము 1949లో వచ్చిన గుణసుందరి కథ. కె.వి. రెడ్డి దర్శకత్వమున వాహినీ వారు తీసిన ఆ చిత్రమున హాస్యనటుడు కస్తూరి శివరావు దైవాధీనమను నాయకపాత్రను ధరించెను. కోపించిన రాజు తన కడగొట్టు కూతురిని వికృతాకారుడైన వాని కిచ్చి పెండ్లి చేయును. కొలువంతయు ఆ వరుని చూచి నవ్వును. చిత్రశాలలోని మనమును నవ్వుదుము. క్రమముగా మన నవ్వును, ఆ క్రూరులైన కొలువువారి నవ్వును ఒకటే యని మనకు తట్టును. అక్కడ చిత్రము మనలను పట్టుకొన్నది. శివరావు ఒంటరిగా మోసినాడని చెప్పరాదు. శ్రీరంజని గుణసుందరియై కన్నీటి భారము మోసినది, రేలంగి మొదలగువారు హాస్యమును పంచుకొనిరి. ఆ మరుసటి యేడే శివరావు తానే దర్శకుడై పరమానందయ్య శిష్యులు తీసెను. తరువాత ఆయన దశ తిరిగినది. కడపటి దినములు లేమిలో గడచెను. దీనిని చూపి, విదూషకుడు విదూషకుడుగానే యుండవలెనని నీతి చెప్పు పెద్దలు మన యిండ్లలో కలరు. వారి మాట మాకు సమ్మతము కాదు. నాయకులుగా పుట్టినట్లే తలపబడువారును చిత్రములు తీసి చేతులు కాల్చుకొనిరి. వారిని చూపి నాయకుడు నాయకుడుగానే యుండవలెనని ఎవరందురు?

పిట్టల దొర మాట యెత్తితిమి గనుక 2019లో వచ్చిన తుపాకి రాముడు చిత్రమును చెప్పవలెను. వీ6 వార్తాఛానలు తీన్మార్ వార్తలలో బిత్తిరి సత్తి యను పేర ఇంటింటికి తెలిసిన చేవెళ్ల రవి అందు నాయకుడు, టి. ప్రభాకర్ దర్శకుడు. దినదినము కొన్ని నిమిషములు తన యాసతో, అమాయకపు ప్రశ్నలతో నవ్వించిన ఆ నటుని కేవలము చూచుటకే జనము ఎదురుచూచుచుండిరి. కాని ఆ చిత్రముతో ఆయనకు నాయకులలో స్థిరమైన స్థానమేమియు ఏర్పడలేదు. సత్తి యెవడో మనకు ముందే తెలియును. వానికి ఏమియు కాదని కూడ తెలియును. పేరు పొందిన వేషము వెంట వచ్చినపుడు చూచువారు పాత్రకొరకు భయపడరు, పాత మాటకొరకు కాచుకొనియుందురు.

దీనికి భిన్నముగా సునీల్ 2010లో రాజమౌళి చేతిలో మర్యాద రామన్నగా నిలిచెను. ఆ కథకు మూలము బస్టరు కీటను 1923లో తీసిన అవర్ హాస్పిటాలిటీ. పగవారి యింట అతిథియైనవాడు గడప దాటిన చచ్చును. గడప లోపల నున్నంతసేపు మర్యాదకు లోటుండదు. పిరికితనము హాస్యగాని నిత్యసామగ్రియే. ఇక్కడ ఆ పిరికితనమునకు నిజమైన కత్తి యెదురైనది. అదే వణకుడు, అదే ముఖము; నవ్వు మాత్రము గొంతున ఇరుకుకొనును. తరువాత సునీల్ కండలు పెంచి, తక్కిన నాయకుల వలె పోరాటములు చేసి, 2012లో పూలరంగడుతో జయమునే పొందెను. కాని ఆ బాట ఎక్కువకాలము నడువలేదు. ఆయన మరల ఇతర పాత్రలకు వచ్చి, 2021లో పుష్ప చిత్రమున ప్రతినాయకుడుగ భయపెట్టెను. నవ్వించుటను దాచుకొన్న హాస్యనటుడు పదిమంది నాయకులలో పదునొకండవవాడగును. చాప్లిను ఆ పొరపాటు చేయలేదు. ది కిడ్ లో అనాథ శిశువును, సిటీ లైట్స్ లో గ్రుడ్డి పూలపిల్లను ప్రక్కన నిలుపుకొనెనే గాని తన టోపీని, చేతికర్రను విడువలేదు.

ప్రసంగవశమున ఒకమాట. నవ్వించు స్త్రీని గూర్చి ఈ ప్రశ్నను వేయువారే కనబడరు. 1962 నాటి గుండమ్మ కథలో ఇద్దరు మహానాయకులుండగా చిత్రమునకు పేరు మాత్రము సూర్యకాంతము ధరించిన పాత్రదే యైనది. అయినను ఆమె చిత్రమును మోసినదని చెప్పుట ఎవరికిని తోచలేదు.

ఇక మొదట చెప్పిన ధర్మసందేహమునకు వచ్చెదము. సంస్కృత నాటకములలో విదూషకుడు బ్రాహ్మణుడయ్యు ప్రాకృతము మాటలాడును. రాజు సంస్కృతము మాటలాడును. దుష్యంతుని వేదనను వినుటకు మాధవ్యుడు కావలెను. మాధవ్యుని వేదనను వినువాడు లేడు. భాషయే వారి మధ్య గీత గీచినది. తెలుగు చిత్రములును బహుకాలము ఇట్లే చేసినవి. నాయకునకు ఒక భాష, నవ్వులవానికిని రౌడీకిని తెలంగాణపు మాట. నిజామాబాదు ఇండ్లలో తల్లి బిడ్డను బుజ్జగించు మాటలే తెరమీద వినబడగానే నవ్వవలెనని పిల్లలు నేర్చికొనిరి. గ్రాంథికమున వ్రాయుచు మేమీ మాట యనుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును, నవ్వనిండు. ఒకని మాటతీరును చూచి నవ్వుటకు అలవాటుపడినవారు, వాడు ఆ మాటతోనే తన తండ్రి చావును చెప్పినపుడు కూడ ఒక్క క్షణము పెదవి బిగబట్టుకొందురు. ఆ క్షణమును దాటించుటయే హాస్యనాయకుని అసలు బరువు. దానిని వాడొక్కడు దాటింపలేడు. కథ చేయి పట్టవలెను, చూచువారును నవ్వుట మాని అడుగు వేయవలెను.

2017లో బాన్సువాడ ప్రాంతమున తీసిన ఫిదాలో నాయిక తెలంగాణపు మాటతోనే ప్రేమించినది, అలిగినది, ఏడ్చినది. ఎవరును అది హాస్యపాత్ర యనలేదు. 2023లో నిజామాబాదు జిల్లాకు చెందిన నిర్మాత దిల్ రాజు సంస్థనుండి బలగము వెలువడెను. దర్శకుడు వేణు దూరదర్శనపు హాస్యకార్యక్రమములలో పేరుపొందినవాడు. ప్రధానపాత్రధారి ప్రియదర్శి 2016 నాటి పెళ్లిచూపులులో నాయకుని మిత్రుడై నవ్వించినవాడు. అప్పులలో మునిగి, కట్నపు సొమ్ముపై ఆశపెట్టుకొన్న యువకునకు తాత చావు మొదట ఒక అడ్డంకిగానే కనబడును. వాని విసుగును చూచి మనము నవ్వుదుము. పిండము పెట్టుదురు, కాకి ముట్టదు. మరల పెట్టుదురు, ముట్టదు. ఇంటిల్లిపాది పాతపగలు ఒక్కొక్కటిగ బయటపడును. ఆ చిత్రమును పల్లెలలో నడివీధిని తెర కట్టి, ఊరంతయు నేలపై కూర్చుండి చూచినది. దానిని మోసినది ప్రియదర్శియా, వేణువా, మరియొకరా యని ఆ రాత్రులలో ఎవరైన అడిగినట్లు మేము వినలేదు. వారందరు కాకి యెప్పుడు వచ్చునా యని చూచుచుండిరి.