అర్పణకు ముందు

భగవంతునికి చేసిన పూజ తోటిమానవునికి చేసిన అపరాధమును తుడిచివేయగలదా? భక్తుడైన ప్రతివాడును ఎన్నడో ఒకనాడు ఎదుర్కొనవలసిన ప్రశ్న యిది. కొండమీది ప్రసంగమున ఏసుక్రీస్తు దీనికి చెప్పిన సమాధానము మిక్కిలి సరళము, మిక్కిలి కఠినము. మత్తయి సువార్త అయిదవ అధ్యాయమున అది కానవచ్చును. ఒకడు తన కానుకతో బలిపీఠమును సమీపించినాడు. సహోదరునికి తనవలన నొప్పి కలిగినదని అప్పుడాతనికి జ్ఞప్తికి వచ్చినది. అట్టివాడు కానుకను అచ్చటనే విడిచి, ముందుగా పోయి సహోదరునితో సఖ్యపడి, పిమ్మట మరలివచ్చి అర్పింపవలెను.

ఆ మాటలు వినినవారిలో పెక్కురు గలిలయవాసులు. బలిపీఠమున్నది యెరూషలేము దేవాలయమున. నడుమ దూరము నూరు కిలోమీటర్లకు పైబడినది. కాలినడకను కనీసము మూడు దినముల ప్రయాణము. ఇంతదూరము వచ్చినవాడు వెనుకకు మరలవలెననుట సామాన్యమైన విధి కాదు. ఆరాధన ఆగవచ్చును, సఖ్యము ఆగరాదని దీని భావము.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. భక్తునికి ఇతరునిపై కోపమున్నదా యని కాదు ప్రశ్న. ఇతరునికి అతనిపై నొప్పి కలదా యని. కావున తన మనస్సును తాను శాంతపరచుకొనుట చాలదు. ఏకాంతమున కన్నీరు విడుచుట సులభము. అన్యాయమునకు గురియైనవాని గడప త్రొక్కుట కష్టము. యూదుల ధర్మమును ఇట్లే పలికినది. క్రీ. శ. 200 ప్రాంతమున సంకలితమైన మిష్నా ప్రకారము, తోటివానికి చేసిన పాపము అతనిని ప్రసన్నుని చేసికొనువరకు ప్రాయశ్చిత్త దినమున సైతము తొలగదు.

అయినచో ఆ సహోదరుడు తలుపు తెరువకున్న నేమి గతి? భక్తుని మోక్షము అన్యుని మొండితనమునకు బద్ధమై యుండునా? పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో దీనికి మార్గము చూపినాడు: తన చేతనైనంతవరకు ప్రతివాడును అందరితో సమాధానముగా నుండవలెను. ఫలము తన వశము కాదు. ప్రయత్నము తన వశము. అయితే 'చేతనైనంత' యను మాటను సోమరితనమునకు సాకు చేసికొనరాదు. అన్యాయముగా గైకొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనన్న జక్కయ్య కథ లూకా సువార్తలో నున్నది.

ఈ ఉపదేశమును క్రైస్తవసంఘము తన నిత్యారాధనలో నిలుపుకొన్నది. ఆదిమ గ్రంథమైన 'డిడాకే' కలహించినవారు సఖ్యపడువరకు ఆదివారపు కూటమిలో చేరరాదని శాసించినది. కేరళమునందలి సురియానీ సంఘములలో బలిపీఠమునుండి వచ్చిన శాంతిని చేతినుండి చేతికి అందించుకొందురు. భారతదేశపు కాథలిక్ సంఘమునకు 1969లో అంజలి ఘటించి శాంతి తెలుపుకొనుటకు అనుమతి లభించినది.

కాని ప్రక్కనున్నవానికి చేతులు జోడించుట తేలిక. పొలముగట్టు తగవున మాటలు మానిన అన్న అదే ఆలయమున మరియొక వరుసలో కూర్చుండి యుండును. అంజలి అతనివరకు పోవలెను. అంతవరకు కానుక బలిపీఠము చెంతనే వేచియుండును.