ఎవరి తీరిక? ఎవరి సేవ?

చింతలపూడికి తిరిగొచ్చి ఏడాది దాటింది. నగరంలో నేను చేస్తున్న గెస్ట్ లెక్చరర్ ఉద్యోగం సెమిస్టరుతో పాటే ముగిసింది. అప్పుడే అమ్మకి పక్షవాతం వచ్చింది. అన్నయ్యా వదినా అమ్మని చూసుకుంటున్న ఇంటికి నేనూ నా పుస్తకాల పెట్టెలూ చేరాం. ఇక్కడున్నన్నాళ్ళూ ఊరికి పనికొచ్చేది ఏదైనా చెయ్యాలనిపించింది. చదువుంది, వారంలో రెండు మూడు పూటలు తీరికా ఉంది. ఒకరోజు సచివాలయం మెట్ల దగ్గర కనిపించిన మా వీధి పిన్నిగారిని అడిగాను.

"పిన్నీ, ఇక్కడ వాలంటీరుగా ఏదైనా పని చెయ్యడానికి వీలుంటుందా?"

ఆవిడ నాకేసి జాలిగా చూసింది. "వాలంటీర్లు ఇప్పుడెక్కడున్నారే? అయినా ఇంత చదువుకుని ఆ అయిదు వేల కోసం నీకెందుకమ్మా?"

నేను అడిగింది ఒకటి, ఆవిడ విన్నది ఒకటి. తప్పు ఆవిడది కాదు. 2019 ఆగస్టు 15న మొదలై మన రాష్ట్రంలో యాభై ఇళ్ళకొకరు చొప్పున తిరిగిన గ్రామ వాలంటీర్ల పుణ్యమా అని ఆ ఇంగ్లీషు మాటకి మన ఊళ్ళలో ఒక కొత్త అర్థం స్థిరపడింది. ఒకటో తారీఖున తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టేవాళ్ళు వాలంటీర్లు. వాళ్ళకిచ్చిన అయిదు వేలు జీతం కాదు, గౌరవవేతనం. 2024 ఎన్నికల ముందు పింఛన్ల పంపిణీ నుంచి వాళ్ళని పక్కన పెట్టారు. ఆ ఏడాది జులై 1న సచివాలయ ఉద్యోగులు ఆ పని చేశారు. వాలంటీరు వ్యవస్థ ఆగింది గానీ ఆ మాట అర్థం మాత్రం జనం నోట్లో అలాగే ఉండిపోయింది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక మాట దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు. వేతనం ముందు గౌరవం అన్న మాట ఎప్పుడు చేరుస్తాం? వేతనం చాలనప్పుడు. 'స్వచ్ఛందం' అంటే తన ఇష్టప్రకారం అని. మరి అయిదు వేలకి ఇల్లిల్లూ తిరిగిన డిగ్రీ పిల్లది తన ఇష్టప్రకారమే తిరిగిందా, ఇంకో దారి లేక తిరిగిందా? ఈ ప్రశ్న అప్పటికి నాకు పూర్తిగా తట్టలేదు. నా సేవకి చోటు వెతుక్కునే హడావిడిలో ఉన్నాను.

దగ్గర్లోని ఒక ఊళ్ళో బడికి వెళ్ళి, తెలుగు పాఠాలు ఉచితంగా చెప్తానన్నాను. పోస్టు ఖాళీగా ఉంది, పెద్దమాస్టారు సంతోషించారు. బయటికొస్తుంటే గేటు దగ్గర ఒకామె పలకరించింది. ఒకప్పుడు విద్యా వాలంటీరుగా పనిచేసిందట. రెగ్యులర్ టీచర్లని వెయ్యాల్సిన చోట్ల నిరుద్యోగులైన పట్టభద్రుల్ని కొద్దిపాటి డబ్బుకి పెట్టుకున్న రోజులు మనకి గుర్తే. ఆ తర్వాత ఆమె డీఎస్సీ కోసం ఏళ్ళ తరబడి చదువుతూనే ఉంది. 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చింది, రాసింది, రాలేదు. ఇప్పుడు ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటోంది.

"మీరు మంచి మనసుతోనే వచ్చారండి," అంది. "కానీ ఊరికే చెప్పేవాళ్ళు దొరికితే ఆ పోస్టు ఎవరు నింపుతారు చెప్పండి? మీకు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతారు. అప్పుడు పిల్లలకి మీరూ ఉండరు, మేమూ ఉండం."

ఆమె మాటలో కోపం లేదు, లెక్క ఉంది. నేను దానం అనుకుంటున్నది ఆమె కూటికి గండి కొట్టడం కావచ్చునని నాకు తట్టనే లేదు. తీరిక ఉన్నవాళ్ళ ఉచిత శ్రమ తీరిక లేనివాళ్ళ శ్రమ ఖరీదుని తగ్గిస్తుంది. 1970ల్లో ఇంటిపనికి వేతనం కావాలని పోరాడిన సిల్వియా ఫెడరీచి, సెల్మా జేమ్స్ వంటి స్త్రీవాదుల గురించి సెమినార్లలో చదివిందాన్నే. ప్రేమ పేరు పెట్టిన పనికి జీతం అడగలేమని వాళ్ళు చెప్పింది థీసిస్‌లో రాశాను. సేవ పేరు పెట్టిన పని సంగతీ అంతేనని ఆ గేటు దగ్గర తెలిసింది.

సరే, ఎవరి పొట్టా కొట్టని పని చూద్దామని మా వీధికి వచ్చే ఆశా కార్యకర్తని అడిగాను, ఆమెతో పాటు తిరుగుతానని. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశాలు కాగితం మీద నేటికీ స్వచ్ఛంద కార్యకర్తలే. పల్లెల్లో ఇంచుమించు వెయ్యి మంది జనాభాకి ఒకరు. గర్భిణుల నమోదు, టీకాలు, క్షయ రోగుల మందులు, కోవిడ్‌లో ఇంటింటి సర్వే, అన్నీ వాళ్ళ కాళ్ళ మీదే నడిచాయి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డిచ్చి దేశంలోని ఆశాలందరినీ గౌరవించింది. ఇక్కడా గౌరవమే, గమనించండి.

ఆమె నవ్వుతూనే అంది: "రండి మేడమ్, తప్పకుండా రండి. కాకపోతే మీకు కుదరనినాడు మానేస్తారు. నాకు కుదరని రోజంటూ లేదు."

ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఇద్దరం వాలంటీర్లమే. ఒకరు మానెయ్యగలరు, ఒకరు మానలేరు. ఆ తేడాకి మన దగ్గర ఏం పేరుంది?

తెలుగులో ఆ పేర్లు ఎప్పట్నించో ఉన్నాయి. సేవ, చాకిరీ, ఊడిగం, వెట్టి. పని ఒకటే. పక్కింటి ముసలమ్మకి అన్నం వండి పెడితే సేవ, అత్తగారికి వండి పెడితే బాధ్యత, దొరగారింట వండితే ఊడిగం. మాటని మార్చేది పని కాదు, చేసే మనిషి కాదనగలదా లేదా అన్నది. ఆమె కులం కూడా. పెద్దింటి ఆడవాళ్ళు ఊరి చెరువు గట్టు శుభ్రం చేస్తే పేపర్లో ఫోటో వస్తుంది. మాల మాదిగ పేటల స్త్రీలు తరతరాలుగా ఆ ఊరినే శుభ్రం చేస్తే దాన్ని ఎవరూ సేవ అనలేదు. జూపాక సుభద్ర, చల్లపల్లి స్వరూపరాణి వంటి రచయిత్రులు మనల్ని నిలదీసింది ఇలాంటి చోట్లే.

ప్రభుత్వం ఈ మాటలతో ఎలా ఆడుకుంటుందో 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె చూపించింది. 1975లో ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు గౌరవ కార్యకర్తలే, ఉద్యోగులు కారు. జీతం పెంచమంటే 'మీది గౌరవ సేవ' అన్నారు. గ్రాట్యుటీకి వాళ్ళు అర్హులేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు కేంద్రాలకి తాళాలు వేసి రోడ్డెక్కేసరికి 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించారు. అంటే అవి అత్యవసర సేవలట! అడిగినప్పుడు స్వచ్ఛందం, ఆపినప్పుడు అత్యవసరం. ఒకే పని రెండు పేర్లతో రెండు వైపుల నుంచీ బంధిస్తుంది. 42 రోజుల తర్వాత ఆ సమ్మె ముగిసింది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద సంగతి, ఆ ఆడవాళ్ళు 'కాదు' అనడం. ఆ మాట అన్నాకే వాళ్ళ పని ఎంతదో లోకానికి కనిపించింది.

'కాదు' అనగానే నాకు దుర్గాబాయి గుర్తొస్తుంది. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర ఆమె వాలంటీరు. పద్నాలుగేళ్ళ పిల్ల. టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి వెళ్ళనివ్వలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొన్నాకే పంపించింది. ఈ కథని క్రమశిక్షణకి ఉదాహరణగా బళ్ళో చెప్పేవారు. ఇప్పుడు నాకు అందులో ఇంకొకటి కనిపిస్తోంది. ఆ పిల్లకి పని అప్పగించినవాళ్ళు దాంతో పాటు ఒక అధికారాన్నీ అప్పగించారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే, పెద్దయ్యాక ఆ పెళ్ళిని కాదనుకున్నదీ ఆ మనిషే. తండ్రీ సోదరుడూ అండగా నిలబడ్డారు. కాదనగలిగింది కనుకనే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభని స్థాపించగలిగిందేమో. ఆమెది స్వచ్ఛందం.

ఇంత ఆలోచించాక కూడా నేను చూడాల్సిన చోటు చూడలేదు. ఆ చోటు మా ఇంట్లోనే ఉంది.

నా పరిశోధన తెలుగు స్త్రీల కథల్లో ఇంటిచాకిరీ మీద. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన గృహిణి గురించి ఒక అధ్యాయమే రాశాను. సెలవలకి వచ్చి మేడ మీద గదిలో ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు కాఫీ పట్టుకొచ్చింది వదిన. ఇప్పుడు ఊరికి ఏం చెయ్యాలా అని నేను తిరుగుతున్న ఆ రెండు మూడు పూటలూ అమ్మని పక్కకి తిప్పి, వీపు తుడిచి, పక్కబట్టలు మార్చి, మందులు వేస్తున్నదీ వదినే. నా తీరిక ఆకాశం నుంచి ఊడిపడలేదు. అది వదిన దగ్గర తీసుకున్న అప్పు. అడిగి తీసుకున్నది కూడా కాదు.

2019 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉంటారు, మగవాళ్ళు 97. పైగా ఆ పనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు 26 మందే. 2024 సర్వే నాటికి నిమిషాలు 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి మిగిలింది పది నిమిషాలు. ఈ అంకెలు వ్యాసాల్లో వాడుకోవడం నాకు బాగా వచ్చు. వదినని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

అడిగాను. "వదినా, అమ్మ పని నీకు ఇష్టమేనా?"

చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇష్టమో కాదో ఎవరైనా అడిగితే గదా తెలిసేది," అంది.

అలా అని అన్ని పనుల్నీ తూకం వేసి, మనుషుల మధ్య మంచితనమే వద్దని నేననడం లేదు. అమ్మ పడిపోయిన రాత్రి వీధంతా కదిలొచ్చింది. ఆటో తెచ్చినవాళ్ళూ, ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్నవాళ్ళూ ఏదీ ఆశించలేదు. కానీ వాళ్ళెవరూ ప్రతి రాత్రీ రానక్కర్లేదు. మంచితనం చేతులు మారుతూ ఉంటే బతుకుతుంది. ఒక్క మనిషి నెత్తి మీదే స్థిరపడిపోతే అది వెట్టి అవుతుంది, ఎంత ప్రేమ ఉన్నా.

సేవ చేసేవాళ్ళు తెచ్చిందాన్ని అందుకున్నవాళ్ళు తమదిగా మలుచుకున్న చరిత్రా మనకుంది. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు వాలంటీర్లు రాత్రిబడులు నడిపారు. వాళ్ళు అక్షరాలు తెచ్చారు. ఆ అక్షరాలతో ఏం చెయ్యాలో ఆడవాళ్ళే తేల్చుకున్నారు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబరు 1న సారా నిషేధాన్ని తెచ్చింది. పాఠం చెప్పడానికి వచ్చినవాళ్ళు ఆ ఆడవాళ్ళ దగ్గర పాఠం నేర్చుకున్నారు.

ఊళ్ళో ఏదైనా చెయ్యాలనుకునే మనలాంటి వాళ్ళం ముందు వెతకాల్సింది ఖాళీగా ఉన్న చోటుని కాదు. ఆ పని ఇప్పటికే ఎవరు చేస్తున్నారు, ఆమె కాదనగలదా, నేను చెయ్యి వేస్తే ఆమె భారం తగ్గుతుందా లేక ఆమె విలువ తగ్గుతుందా? ఈ మూడూ అడగకుండా చేసే సేవ మన ఆత్మతృప్తికి తప్ప ఎందుకూ పనికిరాదు.

బడిలో పాఠాలు చెప్పడం మానుకున్నాను. ఆ ట్యూషన్ల ఆవిడా నేనూ కూర్చుని ఖాళీ పోస్టు నింపమని అర్జీ రాశాం. పిల్లల తల్లులు సంతకాలు పెట్టారు. అర్జీకి నంబరు వచ్చింది. ఇక ఎదురుచూడాలి. ఆశా కార్యకర్తల ధర్నా ఉన్ననాడు వాళ్ళ కరపత్రం తప్పులు దిద్దిపెడతాను. మంగళ, శుక్రవారాలు అమ్మ పని నాది. ఆదివారం అన్నయ్యది. ఆ ఆదివారం కోసం ఇంట్లో జరిగిన గొడవ ఇంకో వ్యాసానికి సరిపోతుంది.

మొదటి మంగళవారం వదినకి ఏం చెయ్యాలో తోచలేదు. వంటింట్లోకి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళింది. రెండో వారం చీర మార్చుకుని, ఏలూరు బస్సెక్కింది, ఒక్కతే. సాయంత్రం చీకటి పడ్డాక వచ్చింది. చేతిలో సంచీ కూడా లేదు. ఎక్కడికెళ్ళావని అన్నయ్య అడిగాడు. "ఊరికే," అంది.

నేను ఏమీ అడగలేదు. అమ్మ పక్కబట్టలు మడతపెడుతూ ఉండిపోయాను.